వరహా మీద జంట గీతలు

పేరిందేవమ్మగారింట్లో ఉన్న వరహాకి చిల్లి ఉందన్న సంగతి పందిరివారి వీధిలో పుట్టిన వాళ్ళందరికీ తెలుసు. తెలియనిదల్లా నాణేల ప్రదర్శనశాల వాళ్ళకే. వాళ్ళకి తెలిసిన రోజు నుంచి ఆవిడకి కంటిమీద కునుకు లేకుండా పోయింది.

ఆ వరహా సంగతి చెప్పుకోవాలంటే ముందు అన్నప్రాశన సంగతి చెప్పుకోవాలి. పసిబిడ్డకి మొదటి ముద్ద పెట్టిన రోజున ఎదురుగా పుస్తకం, కలం, పువ్వు, కత్తి, బంగారం పరిచి, దేన్ని పట్టుకుంటుందో చూసి, పెద్దయ్యాక ఏమవుతుందో అప్పుడే తేల్చేసుకుని మురిసిపోవడం మనకి అలవాటు కదా. ఆ వీధిలో బంగారమంటే పేరిందేవమ్మ అత్తగారి వరహాయే. ఎవరింట్లో అన్నప్రాశన అయినా కుంకుమ భరిణెలో పెట్టి పట్టుకెళ్ళేవారు, సాయంత్రానికి అదే భరిణెలో తెచ్చి ఇచ్చేవారు. బంగారం పట్టుకున్న ఏ పిల్లవాడైనా తర్వాత చేసే పని దాన్ని నోట్లో పెట్టుకోవడమే. వెనకటికి ఒక బుడతడు ఏకంగా మింగేశాడు. వరహా బయటికి వచ్చేదాకా రెండిళ్ళ వాళ్ళూ వాడి కేసే చూస్తూ కూర్చున్నారు. వచ్చాక పెద్దావిడ దాన్ని కడిగి, కంసాలి చేత అంచు దగ్గర చిల్లి పెట్టించి, మూరెడు ఎర్రదారం కట్టింది. ఆ తర్వాత ఎవరు నోట్లో పెట్టుకున్నా దారం పట్టుకుని లాగితే సరిపోయేది.

ఇలా హాయిగా నడుస్తున్న వ్యవహారంలోకి డాక్టర్ కనకలింగేశ్వరరావుగారు ప్రదర్శనశాలకి కొత్త డైరెక్టరుగా వచ్చారు. ఆయనకి చరిత్ర మీద ఆవేశం ఎక్కువ. 'ఇంటింటి చరిత్ర' అని ఒక ఉత్సవం పెట్టి, మీ ఇళ్ళలో మూలుగుతున్న పాత వస్తువులు ఒక నెలరోజులు ప్రదర్శనకి ఇవ్వండని ఊరందరినీ కల్యాణ మండపంలో కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. ఆ మాటల్లో తన సంగతి కూడా కొంత దొర్లింది. తన అన్నప్రాశన నాడు ఎదురుగా బంగారం ధగధగా మెరుస్తున్నా కన్నెత్తి చూడకుండా తాను నేరుగా వెళ్ళి పుస్తకం పట్టుకున్నానని, విద్యాసక్తి అనేది పుట్టుకతో రావలసిందేనని ఆయన చెప్పేసరికి జనం చప్పట్లు కొట్టారు. అన్నప్రాశన మాట వినగానే పేరిందేవమ్మగారి మనసు కరిగిపోయింది. ఉన్నపళాన ఇంటికి వెళ్ళి వరహా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

డైరెక్టరుగారు దాన్ని వెల్వెట్ గుడ్డమీద పెట్టించారు. ఎర్రదారం ప్రాచీనం కాదు గనక దాన్ని విప్పించి వేరే కవరులో పెట్టించారు. చిల్లి కనిపించకుండా గుడ్డ మడతలోకి సర్దారు. బాగానే ఉంది.

ఆ నెలలోనే ఎక్కడో ఏదో ప్రదర్శనశాలలో రాతి ఏనుగు దంతం విరిగింది. ఎవరు విరిచారో తేలలేదు. వెంటనే పైనుంచి కొత్త నిబంధన దిగింది. ప్రదర్శనశాల గడప దాటే ప్రతి వస్తువునూ పరీక్షించాలి. నష్టం ఉంటే ఆ నష్టాన్ని కలిగించిన మనిషిని గుర్తించాలి. ఆయన పేరు నష్టకర్త. నష్టకర్త స్వయంగా వచ్చి సంజాయిషీ ఇచ్చుకున్నాకే వస్తువు కదలాలి. వచ్చేటప్పుడు ఏ వస్తువునూ ఎవరూ పరీక్షించలేదు కాబట్టి, ఎంత పాత నష్టమైనా లెక్కలోకి వస్తుంది. ఇందుకోసం నష్ట నిర్ధారణ విభాగం అని ఒకటి పెట్టి, దానికి భుజంగరావుగారిని అధికారిగా వేశారు. మనిషి మంచివాడే. చేతిలో కొయ్యపిడి భూతద్దం ఒకటి ఉంటుంది, దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టి మరిచిపోవడం, తర్వాత అందరినీ అనుమానంగా చూస్తూ వెతుక్కోవడం ఆయన దినచర్య.

నెల తిరిగాక పేరిందేవమ్మగారు కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళింది. ఈసారి అవసరం ఆవిడదే. మనవరాలు మేదినికి ఏడో నెల వచ్చింది, వచ్చే గురువారం అన్నప్రాశన. అది దాటితే మూఢం. మూఢం పోయేసరికి ఎనిమిదో నెల వస్తుంది, ఆడపిల్లకి సరినెల పనికిరాదు. ఆ పిల్లేమో అప్పుడే ఎవరి కంచం కనిపించినా దూకుతోంది. ఊరందరి పిల్లల ముందూ పెట్టిన వరహా సొంత మనవరాలి ముందు లేకపోతే పైనున్న అత్తగారికి ఏం మొహం చూపించాలా అన్నది ఆవిడ బెంగ.

భుజంగరావుగారు వరహాను తెల్లకాగితం మీద పెట్టి, భూతద్దం వెతుక్కుని, దొరికాక వంగి చూశారు. చూసి నిటారుగా కూర్చున్నారు.

"అమ్మా, సదరు నాణెమునకు రంధ్రము కలదు."

"ఉంటుంది బాబూ. మేం పెట్టించిందే."

"మీరనగా ఎవరు?"

ఆవిడ అత్తగారి పేరు చెప్పింది. పెట్టినవాడు కంసాలి అని, మింగినవాడు ఫలానా అని, అసలు తప్పంతా మింగినవాడిదేనని కూడా చెప్పింది. ముగ్గురూ కాలం చేశారని తెలిసి భుజంగరావుగారు చాలా బాధపడ్డారు, వాళ్ళ కోసం కాదు, సంజాయిషీ కోసం. కాలం చేసినవారు నష్టకర్తలు కావచ్చునా అని ఆయన పైకి రాశారు. కావచ్చును, కానీ స్వయంగా హాజరు కావాలి అని జవాబు వచ్చింది.

రెండు రోజులు కిందా మీదా పడ్డాక ఆయనే ఒక దారి కనిపెట్టారు. చిల్లిలో దారం ఉంటే అది చిల్లి కాదు, దారం కోసం చేసిన ఏర్పాటు. దారం లేకపోతేనే అది నష్టం. అంచేత దారం తెప్పిస్తే గొడవ తీరిపోతుంది. కవరు తెప్పించారు. దారానికి విడిగా ఒక నంబరు ఉంది, విడిగా పరీక్ష కూడా ఉంది. పరీక్షిస్తే దారానికి మధ్యలో ముడి కనిపించింది. ముడి నష్టమా, అలంకారమా అన్న ప్రశ్న లేచింది. దాన్ని పేరిందేవమ్మగారు అక్కడికక్కడే తేల్చేసింది. తీసుకుని విప్పి, ఇప్పుడు లేదు చూసుకోండని ఇచ్చింది. భుజంగరావుగారు భూతద్దంతో చూసి ఒప్పుకున్నారు. దారం చిల్లిలో దూరింది. చిల్లి నష్టం జాబితాలోంచి పోయింది. పేరిందేవమ్మగారు భరిణె మూత తీసింది.

"తొందరపడకండి. దేవుడి ముఖము లేదు" అన్నారాయన.

నిజమే. వరహా మీద దేవుడికి కిరీటం ఉంది, చేతులున్నాయి, ముఖం మాత్రం నున్నగా ఉంది. ఎన్ని తరాల పసిచేతులు, ఎన్ని తరాల చొంగ! అరగక ఏం చేస్తుంది? ఆ మాటే చెప్పింది ఆవిడ. భుజంగరావుగారు అలా ఏకపక్షంగా నిర్ణయించడానికి వీల్లేదని, అరుగుదల ఉపసంఘం తేల్చాలని చెప్పారు.

ఉపసంఘంలో ముగ్గురు పండితులు. మొదటాయన వరహాను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, ఇదిగో ఇలా రుద్దడం వల్ల అరిగిందని రుద్ది చూపించాడు. రెండో ఆయన ఇలా కాదు, అలా అని అడ్డంగా రుద్దాడు. మూడో ఆయన ఇద్దరి వాదాలూ సమన్వయం చేస్తూ గుండ్రంగా రుద్దాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ మొదలెట్టారు. సాయంకాలానికి దేవుడి కిరీటం కూడా కాస్త మసకబారింది. పేరిందేవమ్మగారు బెంచీ మీద కూర్చుని ఇదంతా చూస్తూ, ఇంకో సమావేశం జరిగితే తన చేతికి బంగారు బిళ్ళ మిగులుతుందేమోనని హడలిపోయింది. ఇంకో సమావేశం అవసరం రాలేదు. కిరీటానికి నష్టకర్తలు ఎవరన్న ప్రశ్న భుజంగరావుగారు చాలా మర్యాదగా లేవదీయగానే, పండితులు ముగ్గురూ ఒక్క గొంతుతో అరుగుదల కాలధర్మమని, కాలానికి నోటీసు ఇవ్వడం సంప్రదాయం కాదని తీర్మానించి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది ఒక్కటే. వరహా వెనకవైపు, చిల్లికి కాస్త దిగువన, పక్కపక్కనే రెండు సన్నటి గీతలు. వీటి గురించి పేరిందేవమ్మగారికి కూడా తెలియదు. ఆవిడ కాపురానికి వచ్చేసరికే ఉన్నాయి.

ఆ గీతల మీద భుజంగరావుగారు ఎంత మనసు పెట్టారంటే, ఆయన్ని చూస్తే ఆవిడకే జాలేసింది. ముందు ఎలకని అనుమానించారు. తర్వాత స్క్రూడ్రైవరుని అనుమానించారు. చివరికి పళ్ళ డాక్టరుని పిలిపించారు. ఆయన కుర్రాడు, పనిమంతుడు. ఒక్క చూపు చూసి, ఇవి పాలపళ్ళ గీతలు, కింది చిగురుకి ముందు వచ్చే రెండు పళ్ళు, బిడ్డకి ఏడాది కూడా నిండి ఉండదు, బంగారం మెత్తనిది గనక ఎవరో నోట్లోంచి లాగుతుంటే గీసుకుపోయింది అని చెప్పి ఫీజు తీసుకుని వెళ్ళిపోయాడు.

భుజంగరావుగారి మొహం వెలిగిపోయింది. కాగితం మీద 'దంతక్షతము' అని పెద్ద అక్షరాలతో రాశారు. ఏదో పనిమీద మళ్ళీ వచ్చిన ఉపసంఘం పండితుడొకాయన ఆ మాట కావ్యాల్లో వేరే సందర్భంలో వస్తుందని దగ్గి ఊరుకున్నాడు.

ఇక నష్టకర్త ఒక పసిబిడ్డ. ఆ పసిబిడ్డ పందిరివారి వీధి బిడ్డ. అంచేత ఆ వరహాతో అన్నప్రాశన జరిగిన వాళ్ళందరి పేర్లూ కావాలన్నారు. పేరిందేవమ్మగారు వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. కొందరికి ఇప్పుడు మనవలున్నారు. ఒకాయన రిటైరైన జడ్జి. ఒకావిడ పక్క ఊళ్ళో సర్పంచి. తను కాపురానికి రాకముందు వాళ్ళని అత్తగారు చెప్పగా విన్న పేర్లతో చెప్పింది.

"ఇంకొకడున్నాడు బాబూ. మా వెనకవాటాలో ఏడాదిపాటు అద్దెకుండేవారు, బడిపంతులుగారు. ఆయన భార్య మాణిక్యాంబ. వాళ్ళ పిల్లాడి అసలు పేరు నాకు తెలీదు. మా అత్తగారు వాణ్ణి పట్టుకారు అనేవారు."

భుజంగరావుగారు 'శ్రీ పట్టుకారు, తల్లి పేరు మాణిక్యాంబ' అని రాసుకున్నారు. నోటీసులన్నీ కట్టగట్టి డైరెక్టరుగారి బల్లమీద పెట్టారు. చదివి సంతకం చేసే అలవాటు ఆయనకి లేదు. అన్నిటిమీదా చేశారు.

తెల్లవారేసరికి వీధంతా ప్రదర్శనశాలలోనే ఉంది. ఎప్పుడో విడిపోయిన వాళ్ళంతా మళ్ళీ కలిశారు. జడ్జిగారూ సర్పంచిగారూ చిన్నప్పుడు ఒకే చెరుకు ముక్క కోసం కొట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు నువ్వే కొరికుంటావు, కాదు నువ్వే అని నవ్వుకుంటూ కూర్చున్నారు. ఎవరో ఇడ్లీలు తెచ్చారు. అందరినీ నోళ్ళు తెరవమని వరసన చూసిన భుజంగరావుగారికి ఒక చిక్కు ఎదురైంది. వీళ్ళెవరికీ పాలపళ్ళు లేవు.

"పాలదంతములు ఎచట భద్రపరచితిరి?" అని అడిగారు.

పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేశాం అన్నారు అందరూ. అది వినగానే ఆయన అటెండర్లని నిచ్చెనలతో పందిరివారి వీధికి పంపారు. పెంకుటిళ్ళు పోయి మేడలు లేచి చాలా కాలమైంది. అటెండర్లు మేడలెక్కి, వడియాలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళ చేత చీవాట్లు తిని, ఒక టెన్నిస్ బంతి, రెండు గాలిపటాలు, ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు పట్టుకుని దిగారు. కట్టుడు పళ్ళ మీద భుజంగరావుగారు చాలాసేపు ఆశపడ్డారు.

అప్పటికి బుధవారం సాయంత్రమైంది. పేరిందేవమ్మగారికి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఎవరు ఇమ్మన్నారు, ఎందుకిచ్చాను, నా చేతులు విరిగిపోను అని తనని తానే తిట్టుకుంది. డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆ గీతలు నేనే పెట్టానని రాసుకోండి, నా పళ్ళేనని రాసుకోండి, రేపటికి మాత్రం వరహా ఇప్పించండని బతిమాలింది. డైరెక్టరుగారు జాలిపడ్డారు. కానీ చరిత్రలో అసత్యం చొప్పించడానికి తన అంతరాత్మ ఒప్పుకోదని, చిన్ననాడే పుస్తకం పట్టుకున్న చెయ్యి తనదని చెప్పారు.

గురువారం ముహూర్తం పదిన్నరకి. ఎనిమిదింటికే పేరిందేవమ్మగారు పట్టుచీరలో, భరిణెతో సహా వెళ్ళి డైరెక్టరుగారి గదిలో కూర్చుంది. వీధివాళ్ళు వరండా నిండా ఉన్నారు. ఇంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. చేతికర్ర పట్టుకుని, ఎనభై దాటిన ఒక ముసలావిడ మెల్లగా దిగింది. రెండో చేతిలో నోటీసు ఉంది. ఊళ్ళో ఆ పేరుగల పెద్దావిడ ఈవిడొక్కరే గనక పోస్టుమాన్ తెచ్చి ఇచ్చాడట.

ఆవిడ తిన్నగా డైరెక్టరుగారి గదిలోకి వచ్చి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏరా, రాత్రి అన్నం పెట్టినప్పుడు కూడా చెప్పలేదు. నోటీసు పంపావేంట్రా?"

డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. భుజంగరావుగారు నోటీసు తీసుకుని, 'శ్రీ పట్టుకారు' అని పైకి చదివి, డైరెక్టరుగారి వంక చూసి, మళ్ళీ నోటీసు వంక చూశారు.

మాణిక్యాంబగారికి చెవులు కాస్త దూరం గనక అందరికీ వినిపించేలా చెప్పింది. వాళ్ళాయనకి ఆ వీధి బళ్ళో ఉద్యోగమట. పిల్లాడికి జ్వరాలు తగిలి అన్నప్రాశన ఎనిమిదో నెలకి జరిగింది, అప్పటికే రెండు పళ్ళు. ఎదురుగా పెద్దబాలశిక్ష పెడితే దాన్ని కాలితో తన్నేసి పాక్కుంటూ పోయి వరహా పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఇంటావిడ దారం పట్టుకుని లాగితే వదల్లేదు. ఊరంతా లాగినా వదల్లేదు. అందుకే ఆవిడ వాడికి పట్టుకారని పేరు పెట్టింది.

"మరి పుస్తకము...?" అన్నారు భుజంగరావుగారు.

"పుస్తకమా? అది ఇవాళ్టికీ చిరిగే ఉంది నాయనా, నా పెట్టెలో. వీడు తన్నినప్పుడు చిరిగింది."

వరండాలో జడ్జిగారు నవ్వడం మొదలెట్టారు. ఆ నవ్వు గేటు దాకా పాకింది. భుజంగరావుగారు మాత్రం నవ్వలేదు. కొత్త కాగితం తీసి, నష్టకర్త డైరెక్టరుగారికి సంజాయిషీ సమర్పించవలెనని, సదరు డైరెక్టరుగారు దాన్ని పరిశీలించి తృప్తి చెందవలెనని నిబంధన చదివి, కలం మూత తీసి అందించారు.

డైరెక్టరుగారు నుదురు తుడుచుకున్నారు. కానీ ఆయన ఊరికే డైరెక్టరు కాలేదు. కాస్త ఆలోచించి గొంతు సవరించుకున్నారు.

"ఇది నష్టం కాదు, చారిత్రక చిహ్నం! ఒక సంస్థాధిపతి శైశవానికి సంబంధించిన ఏకైక ఆధారం. దీన్ని శాశ్వతంగా ఇక్కడే ఉంచాలి" అని బల్లమీది వరహా తీసి పిడికిట్లో బిగించారు.

పేరిందేవమ్మగారు గడియారం చూసింది. తొమ్మిది దాటింది. ఆవిడ పిడికిలి బయట వేలాడుతున్న ఎర్రదారం కొస పట్టుకుంది. లాగింది. ఆయన వదల్లేదు.

"అప్పుడూ ఇంతేనమ్మా" అంది మాణిక్యాంబగారు కర్ర ఊతంతో లేస్తూ. "మీ అత్తగారు అటు దారం లాగుతుంటే, నేను ఇటు ముక్కు మూశాను. అప్పుడు వదిలాడు."

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి కొడుకు దగ్గరికి వచ్చి చెయ్యెత్తింది. కిటికీల్లోంచి వీధి వీధంతా తొంగిచూస్తోంది. డైరెక్టరుగారు తల్లి రెండు వేళ్ళ కేసీ చూశారు, కిటికీ కేసీ చూశారు. పిడికిలి తెరుచుకుంది. వరహా దారంతో సహా పేరిందేవమ్మగారి ఒళ్ళో పడింది.

ఆవిడ ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. భరిణెలో వేసుకుని, మాణిక్యాంబగారిని చెయ్యి పట్టుకుని లేవదీసి, మీరు కూడా రావాలి పిన్నిగారూ అని అదే ఆటో ఎక్కించింది. తాత్కాలికంగా విడుదలైన వస్తువు వెంట అధికారి ఉండాలన్న నిబంధన గుర్తుకు రాగానే భుజంగరావుగారు ఆటో వెనకాలే సైకిలు తొక్కారు.

ముహూర్తం వేళకి మేదిని పీట మీద కూర్చుంది. మాణిక్యాంబగారు వెండి గిన్నెలోంచి పాయసం నాకిస్తే లొట్టలేసింది. పుస్తకం, కలం, పువ్వు, కత్తి, ఎర్రదారంతో వరహా, అన్నీ వరసగా పరిచారు. అత్తగారి వరహా ఎప్పటిచోట ఎప్పటిలా ఉండడం చూసి పేరిందేవమ్మగారి కళ్ళు చెమ్మగిల్లాయి. భుజంగరావుగారు పక్కనే గొంతుకూర్చుని, కొత్త నష్టం ఏదైనా జరిగితే అక్కడికక్కడే పట్టుకుందామని భూతద్దం చాపమీద పెట్టి, జేబులో కాగితం వెతుక్కుంటున్నారు.

పిల్లని వదిలారు. పుస్తకం దాటింది. కలం దాటింది. వరహా దగ్గర ఆగి, దాని వంక చూసి, అందరూ మెడలు సాచి చూస్తుండగా దాన్ని కూడా దాటేసింది. నేరుగా వెళ్ళి భూతద్దం పట్టుకుని, కొయ్యపిడి నోట్లో పెట్టుకుంది.

భుజంగరావుగారు మెల్లగా లాగబోయారు. పిల్ల వదల్లేదు. ఆయన మొహంలో మొదటిసారి ఒక చిన్న నవ్వు కనిపించింది. దీనికింకా పళ్ళు రాలేదు కదా, నష్టం ఉండదులెండి, కాసేపు ఉంచుకోనివ్వండి అన్నారు.

పేరిందేవమ్మగారు ఆయనకి పాయసం గిన్నె అందించింది.

"ఎందుకైనా మంచిది బాబూ, ఆ పిడికో చిల్లి పెట్టించి దారం కట్టించుకోండి. ఈ వీధిలో ఇంకా చాలామంది పిల్లలున్నారు."